ప్రమాణ బాలిక

రాష్ట్రంలో ఏ బడి లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలో ఆ రోజుల్లో ఒక ప్లాస్టిక్ బాండు తేల్చేది. ఆడపిల్లలు జుట్టు కళ్ళ మీద పడకుండా పెట్టుకునే బాండు లాగే ఉండేది. పిల్ల తలకు దాన్ని తగిలించి, చేతికి పుస్తకమిచ్చి చదవమంటే, పక్కనున్న తెర మీద ఒక ఆకుపచ్చ గీత నడిచేది. పిల్ల లోపల ఏదైనా కదిలితే గీత పైకి లేస్తుంది. పది మెట్లు దాటిందా, ఆ పుస్తకం పిల్లల్ని కలత పెడుతోందని లెక్క. కలత పెట్టే పుస్తకం బడిలో ఉండకూడదు. ఈ ఘనకార్యానికి శాంత పఠన చట్టమని పేరు పెట్టారు. దానికి చేతులెత్తినవాళ్ళలో చాలామంది ఆ బిల్లును కూడా చదవలేదు కాబట్టి వాళ్ళ శాంతికి ఏ లోటూ రాలేదు.

ఆ బాండును కనిపెట్టిన డాక్టర్ అడపా నరహరి గారు నా మొగుడు. నేను కాకినాడలో ఒక హైస్కూల్లో లైబ్రేరియన్ని. ఆయన ల్యాబులో కనిపెట్టేవారు, నేను బడిలో అనుభవించేదాన్ని.

తనిఖీకి వచ్చే ఆఫీసరు పేరు చక్రపాణి. మనిషి చెడ్డవాడు కాడు, మంచివాడూ కాడు, ఉద్యోగి. వచ్చినప్పుడల్లా ఒక పిల్లను కూర్చోబెట్టి బాండు తగిలించి, బీరువాలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి ఇచ్చేవాడు. చివరిసారి వచ్చినప్పుడు ఏడో తరగతి లోవలక్ష్మి కూర్చుంది. చేపలరేవు దగ్గర ఉంటుంది ఆ పిల్ల. దాని చేతికి ఒక జాలరి పిల్ల కథ వచ్చింది. అట్ట ఊడిపోయి, నేను గుడ్డ అతికించి కుట్టిన పుస్తకం. రెండు పేజీలు తిప్పిందో లేదో గీత లేచి నిలబడింది. లోవలక్ష్మి జడ కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ చదువుతోంది.

"ఇరవై దాటేసిందండీ. తీసెయ్యాలి," అన్నాడు చక్రపాణి.

"ఎందుకండీ?"

"పిల్ల ఏడుస్తోంది కదండీ."

"ఏడిస్తే ఏవైందండీ? పుస్తకం వెనక్కిచ్చేస్తానందేమో అడగండి."

"అది అడగమని రూల్లో లేదండీ."

పుస్తకం పిల్ల చేతిలోంచి లాక్కుని కట్టలో పడేశాడు. లోవలక్ష్మి నా వైపు తిరిగి, "టీచరుగారూ, తర్వాతేవైందండీ?" అని అడిగింది. నాకు కాలి గోటి నుంచి తల దాకా మండింది. కట్టలన్నీ కాగితం మిల్లుకు పోతాయి. ఆ ఒక్క పుస్తకాన్ని మాత్రం చక్రపాణి టీ తాగడానికి వెళ్ళినప్పుడు తీసి నా భోజనం సంచిలో వేసుకున్నాను. అది నేరమే. చేసినందుకు నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఇక బీరువాల్లో మిగిలినవి చెప్పాలి. మరుగుదొడ్ల శుభ్రతకు మార్గదర్శకాలు. రొయ్యల చెరువుల వార్షిక నివేదికలు. ట్రాఫిక్ నిబంధనలు. వీటన్నిటి మధ్య, మెరిసే అట్టతో, శాంత పఠన సంస్థ అధ్యక్షులు దాసం పానకాలరావు గారి జీవిత చరిత్ర. ఆయన చెబుతుంటే ఎవరో రాసిపెట్టిన ఆ పుస్తకానికి ఏ బడిలో పరీక్షించినా గీత నేల మీంచి లేవలేదు. ఇంకొకరయితే సిగ్గుపడేవారు. ఆయన పేపరువాళ్ళను పిలిచి, "నా జీవితంలో కలత పెట్టే విషయం ఒక్కటంటే ఒక్కటి లేదని సైన్సే తేల్చింది," అని ఫోటో దిగారు. ప్రతి బడికీ పాతిక కాపీలు పంపారు. పిల్లలు వాటిని వరసగా పేర్చి, ఎక్కి కిటికీలు మూసేవాళ్ళు. అంతవరకు అవి పనికొచ్చాయి.

నిజానికి బాండు పుట్టింది పుస్తకాల కోసం కాదు. ఒక తుఫాను తర్వాత తీరప్రాంతం పిల్లలు కొందరు మాట్లాడటం మానేశారు. పైకి మామూలుగా తిరిగేవాళ్ళు, పిలిస్తే వచ్చేవాళ్ళు, నోరు మాత్రం విప్పేవాళ్ళు కారు. ఏ మాటకు వాళ్ళు లోపల కదులుతున్నారో తెలిస్తే ఆ మాట పట్టుకుని నయం చెయ్యొచ్చని మా ఆయన దీన్ని చేశారు. ఒకరిద్దరు పిల్లలు మాట్లాడారు కూడా. అప్పుడు ఆయనంటే నాకు ఎంత గౌరవముండేదో చెప్పలేను. ఆ తర్వాత పానకాలరావు గారు ల్యాబు చూడటానికి వచ్చారు. అంతా చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "దీన్ని పుస్తకాలకు పెట్టొచ్చాండీ?"

కాదనడానికి నోరు తిరగని మాటేం కాదు. మా ఆయన "పెట్టొచ్చండీ" అన్నారు.

అయితే గీత ఎంత లేచిందో చెప్పాలంటే ఎక్కడి నుంచి లేచిందో తెలియాలి. కూరగాయలు తూచాలన్నా ఒక రాయి కావాలి కదా. చదువుతున్నా ఏ కలతా లేని పిల్ల ఒకరు కావాలి. ఊరి పిల్లల మీద పరీక్షలు చెయ్యడానికి అప్పటికింకా అనుమతి రాలేదు. అందుకని ఆయన మా అమ్మాయి మనోజ్ఞను ల్యాబుకు తీసుకెళ్ళారు. దానికప్పుడు ఏడేళ్ళు.

మా ఇంట్లో దీపాలు పెట్టిన దగ్గర్నుంచి భోజనాల దాకా చదువు టైము. అది ఆయన పెట్టిన కట్టుబాటు, ఆయనకు వాళ్ళ నాన్నగారు పెట్టినది. పిల్ల పుస్తకం ముందు కూర్చోవాలి. కదలకూడదు, పక్కకు చూడకూడదు, మధ్యలో ప్రశ్నలు వేయకూడదు. తెలుగు ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. హాస్టళ్ళలో దీన్నే స్టడీ అవర్ అంటారు, వార్డెను బెత్తం పట్టుకుని తిరుగుతుంటాడు. ఆ రోజు ల్యాబులో కూడా ఆయన బాండు తగిలించి, బొమ్మల కథల పుస్తకం ముందు పెట్టి, "చదువు" అన్నారు. మనోజ్ఞ నడుము నిటారుగా పెట్టి చదివింది. కళ్ళు వరస వెంట కదిలాయి, పేజీ తర్వాత పేజీ తిరిగింది. గీత మాత్రం నేలకు అతుక్కుపోయింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది.

చట్టంలో నాలుగో సెక్షన్ అలా పుట్టింది. ప్రమాణ బాలిక చదువుతున్నప్పుడు వచ్చిన గీతే సున్నా. మిగతా పిల్లలు, మిగతా పుస్తకాలు అన్నీ అక్కణ్ణుంచి లెక్క. ప్రమాణ బాలిక అంటే మా మనోజ్ఞ. ఏటేటా దాని గీతను కొత్తగా తీసి రాష్ట్రంలోని యంత్రాలన్నిటికీ ఎక్కించేవారు.

తొమ్మిదో సెక్షన్ మా ఇంటి కోసమే రాశారు. ప్రమాణ బాలిక చెడిపోకూడదు కాబట్టి ఆమె ఉండే ఇంట్లో పది దాటిన పుస్తకం ఉండకూడదు. నా పెళ్ళికి ముందు నుంచీ దాచుకున్న పుస్తకాలు జీపెక్కి పోయాయి. పిల్లకు కథ చెప్పబోతే మా ఆయన పక్క గదిలోంచి, "ఇందూ, గీత!" అని అరిచేవారు, పాలు పొంగుతున్నాయన్నట్టు. ఒకసారి జోలపాటను కూడా బాండు పెట్టి కొలిచారు. పన్నెండు వచ్చింది. జోలపాట బందు. నేను అరిచాను, అలిగాను, ఆయన పెద్దలకు చెప్పాను. వాళ్ళు, "అమ్మాయికి ఎంత పేరొచ్చిందో చూడు," అన్నారు. పేరుదేముంది, బస్టాండుకూ ఉంటుంది.

మనోజ్ఞకు పదమూడేళ్ళొచ్చాయి. ఈ వయసు పిల్లలకు ఇంటా బయటా కలతేనని, ప్రమాణానికి ప్రమాదమని సంస్థవాళ్ళు కనిపెట్టారు. అందుకని పద్దెనిమిది నిండేదాకా దాన్ని శాంతి గృహమనే తమ హాస్టల్లో పెట్టాలని తీర్మానించారు. స్నేహితులు రాకూడదు, తల్లి పండగలకు మాత్రం చూడొచ్చు. ఆ ఏటి గీత తీసే సభలోనే పిల్లను అప్పగించడం కూడా జరుగుతుందన్నారు. మా ఆయన అప్పటికే సంతకం పెట్టేశారు.

"నన్నడగరా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకోవు కదా ఇందూ," అన్నారు ఆయన, చాలా సహేతుకంగా.

ఆ సాయంత్రమే అసలు సంగతి బయటపడింది. చదువు టైము. మనోజ్ఞ సాంఘిక శాస్త్రం ముందు కూర్చుంది. నేను ఎదురుగా చిక్కుడుకాయలు వలుస్తున్నాను. కొన్నాళ్ళకు ఈ పిల్ల ఇలా నా ఎదురుగా ఉండదన్న బెంగతో దాన్నే చూస్తున్నాను. ఫ్యాను గాలికి పుస్తకంలో ఒక గుప్పెడు పేజీలు రెపరెపలాడి వెనక్కి పడ్డాయి. నదుల పాఠం పోయి ఎడారుల పాఠం వచ్చింది. మనోజ్ఞ కళ్ళు ఆగలేదు. వరస వెంట వరస అదే వేగంతో దిగి, కిందికొచ్చాక చెయ్యి పేజీ తిప్పింది.

"ఏం చదువుతున్నావే?"

"సాంఘికం."

"గాలికి పేజీలు తిరిగిపోయాయి. నువ్వు చూడలేదు."

అప్పుడు చూసింది పుస్తకంలోకి. "చూడక్కర్లేదు కదమ్మా. కళ్ళు ఎడమ నుంచి కుడికి తిప్పాలి, కింద దాకా వచ్చాక పేజీ తిప్పాలి."

"మరి చదవడం?"

"అదే కదా చదవడం."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "మరి పరీక్షలకో?"

"పరీక్షలకు గైడు బట్టీ పడతాం. అది వేరే." నాకు తెలియనందుకు జాలిపడినట్టు చెప్పింది.

"ల్యాబులో మొట్టమొదటి రోజు, బొమ్మల పుస్తకం ఇచ్చారు చూడు, అప్పుడు కూడా..."

"నాన్న చదవమన్నారు, చదివాను. ఇలాగే. కదల్లేదు." పుస్తకం మూసి అడిగింది. "అందరూ ఇంతే కదమ్మా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వే వచ్చింది ముందు. రాష్ట్రం మొత్తం మీద ప్రశాంతంగా చదివే పిల్ల ఎవరయ్యా అంటే, చదవని పిల్ల. ఆ పిల్ల నా పిల్ల అని గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ ఉండరు. ఇద్దర్నీ తీసుకుని అక్కడికి వెళ్ళాను. మా ఆయన దారి పొడుగునా, "నీకు సైన్సు తెలీదు ఇందూ," అంటూనే ఉన్నారు. మనోజ్ఞకు బాండు పెట్టి ఏదో పుస్తకం ముందుంచారు. పిల్ల నిటారుగా కూర్చుంది. గీత నేల మీద పాకింది.

"చూశావా? ఆరేళ్ళుగా ఇదే గీత," అన్నారు గర్వంగా.

నేను వెళ్ళి పుస్తకాన్ని తలకిందులు చేసి పెట్టాను. మనోజ్ఞ కళ్ళు ఎడమ నుంచి కుడికి కదిలాయి. అక్షరాలన్నీ తల కింద పెట్టి కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. అది కిందికొచ్చి పేజీ తిప్పింది. గీత వెంట్రుకవాసి కదల్లేదు.

మా ఆయన తెర దగ్గరికి వెళ్ళారు. తర్వాత తెరను అరచేత్తో ఒకటి రెండు దెబ్బలు కొట్టారు, పాత టీవీని కొట్టినట్టు. గీత గీతే.

"మీ యంత్రానికేం రోగం లేదండీ," అన్నాను. "అది కలతను కొలవడం లేదు. పిల్ల నిజంగా చదువుతోందా లేదా అన్నదాన్ని కొలుస్తోంది. చదివించే పుస్తకాలన్నిటినీ ఏరి ఏరి మిల్లుకు పంపారు. ఎవరూ చదవని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు."

"ఇది బయట పొక్కకూడదు," అన్నారు ఆయన గొంతు తగ్గించి.

"ఎందుకని?"

"ప్రమాణం తప్పంటే చట్టం తప్పు. చట్టం తప్పంటే పానకాలరావు గారిది తప్పు. ఆయనది తప్పని ఎవరు రాసిస్తారు?"

"మీరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "శాంతి గృహంలో గదులన్నీ ఏసీ గదులు," అన్నారు. "పిల్లకేం లోటుండదు."

తుఫాను పిల్లల చేత మాట్లాడించిన మనిషి ఈయనేనా అనిపించింది. ఆ క్షణంలో ఆయనంటే నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుటి మనిషిలో ఏదో ఉండాలి. చిక్కుడుకాయలోంచి తీసేసిన పీచును చూసినట్టు చూశాను.

మేమిద్దరం పిల్లను మర్చిపోయాం. బాండు తలమీదుంచుకునే అది మా మాటలన్నీ వింది. "అయితే అమ్మా, మీ బళ్ళో పుస్తకాలన్నీ నా వల్లే పోయాయా?" అంది. "నేను సరిగ్గా చదవకపోవడం వల్లేనా?"

కాదన్నాను. నీ తప్పేం లేదన్నాను. ఎంత చెప్పినా దాని మొహం విచ్చుకోలేదు.

బడి తాళాలు నా దగ్గరే ఉంటాయి. దాన్ని లైబ్రరీకి తీసుకెళ్ళాను. ఖాళీ బీరువాల మధ్య నేల మీద చాప వేసి కూర్చున్నాం. భోజనం సంచిలోంచి జాలరి పిల్ల పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. మనోజ్ఞ మొదట్లో అలవాటు చొప్పున నిటారుగా కూర్చుంది.

కథలో పిల్ల పేరు ఎర్రమ్మ. వేటకు వెళ్ళే ముందు తండ్రి పడవ చెక్కల సందుల్లో పీచు కూరి తారు పూయమంటాడు. ఎర్రమ్మ చాలావరకు కూరుతుంది. ఒక మూల, జానెడు మేర, రేపు చూద్దాంలే అని వదిలేసి ఆటకు పోతుంది. తెల్లారేసరికి తండ్రి ఆ పడవేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఊరంతా ఒడ్డున నిలబడింది. ఎర్రమ్మ ఎవరికీ చెప్పలేదు, వదిలేసిన జానెడు సందు సంగతి.

నిటారుగా కూర్చున్న పిల్ల ఎప్పుడు జరిగిందో, నా మోకాలికి ఆనుకుని ఉంది. గోళ్ళు కొరుకుతోంది.

"అలల మీద ఏదో నల్లగా తేలుతూ ఒడ్డు వైపు వస్తోంది," అని చదివి, పుస్తకం మూసేశాను.

"ఏంటమ్మా అది? పడవా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలుసు! చదివుంటావు నువ్వు. వాళ్ళ నాన్న వచ్చాడా?" నా చెయ్యి పట్టుకుని గుంజింది. "చెప్పమ్మా!"

"నేను చెప్పను. నువ్వే చదువుకో."

"అయితే ఇలా ఇయ్యి."

"ఇప్పుడు కాదు. సభలో." నా ఆలోచనంతా ఒక్కటే. గీత లేస్తే ప్రమాణం చెడిపోయిందంటారు. చెడిపోయిన పిల్ల శాంతి గృహానికి పనికిరాదు. నాకు చెడిపోయిన పిల్లే కావాలి.

పుస్తకాలకు అట్టలు వేయడం లైబ్రేరియన్ పని. సభకు వెళ్ళే సంస్థవారి పుస్తకాలన్నిటికీ లేత నీలం కాగితంతో ఒకే రకం అట్ట వేసి, పైన చీటీ అతికించాలని ఉత్తర్వు. ఆ ఏడు కూడా గీత తీయడానికి తన జీవిత చరిత్రనే చదివించాలని పానకాలరావు గారు ఆజ్ఞ వేశారు. సభకు ఆ పుస్తకాన్ని సిద్ధం చేసే గౌరవం ప్రమాణ బాలిక తల్లిగా నాకు దక్కింది. జాలరి పిల్లకు చక్కగా నీలం అట్ట వేశాను. మూలలు మడిచి, జిగురు పెట్టి, "జీవిత చరిత్ర" చీటీ అతికించాను. అంత శ్రద్ధగా నేనెప్పుడూ అట్ట వేయలేదు.

సభ ఊళ్ళో పెద్ద కల్యాణమండపంలో జరిగింది. వేదిక మీద కిందటి పెళ్ళివాళ్ళ పూలు ఇంకా వేలాడుతున్నాయి. పానకాలరావు గారు శాంతి గురించి చెవులు చిల్లులు పడేలా మాట్లాడారు. బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళందరికీ స్టడీ అవర్ మొహాలు వచ్చేశాయి. గోడంత తెర మీద ఆకుపచ్చ గీత పాకుతోంది. మనోజ్ఞ పట్టులంగా కట్టుకుని, బాండు పెట్టుకుని వేదిక మధ్యలో కూర్చుంది. పక్కన దాని పెట్టె కూడా సర్ది ఉంది, సభ కాగానే శాంతి గృహం బండి ఎక్కించడానికి.

నేను పుస్తకం దాని చేతికిచ్చి, గుర్తు పెట్టిన పేజీ తీసి, వెనక్కి వచ్చేశాను. దానికి అలవాటే ముంచుకొస్తుందేమో, అన్నేళ్ళ అలవాటు, కళ్ళు ఎడమ నుంచి కుడికి తిప్పేసి ఊరుకుంటుందేమోనని భయం.

మనోజ్ఞ నిటారుగా కూర్చుంది. కళ్ళు కదిలాయి. గీత నేల మీదే ఉంది. తర్వాత దాని చూపుడువేలు పేజీ మీదికి వచ్చింది. ఒకటో తరగతి పిల్లలా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటే కూడబలుక్కుంటోంది. పదమూడేళ్ళ పిల్ల. గీత వణికింది. ఒక మెట్టు ఎక్కింది. ఐదు, పది. నిటారు నడుము వంగింది. ఇరవై. మండపంలో ఎవరో "అయ్యో" అన్నారు. వేలు ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే వరస చదివింది. కళ్ళలోంచి నీళ్ళు జారాయి. గీత తెర పై అంచుకు తగిలి అక్కడే నిలబడిపోయింది.

చక్రపాణి పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఇది చెల్లదండీ. పిల్ల కలత పడింది. ఆపేద్దామండీ."

పానకాలరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. "కలత ఏంటయ్యా? నా జీవితం చదివి పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటోంది. కనబడట్లేదా?"

"పోయినేడు ఇదే పుస్తకానికి సున్నా వచ్చిందండీ..."

"అప్పుడు చిన్నపిల్ల. ఇప్పుడు గొప్పతనం తెలిసే వయసొచ్చింది." చక్రపాణి ఇంకేదో అనబోయాడు. "అంటే నా జీవితం కదిలించదంటావా? పదిమందిలో చెప్పు చూద్దాం."

చక్రపాణి చేతులు కట్టుకుని వెనక్కి తగ్గాడు. ఉద్యోగి అని ముందే చెప్పాను కదా.

"ప్రమాణ బాలిక చదివితే వచ్చిన గీతే సున్నా కదండీ," అన్నాను నేను వినయంగా. "నాలుగో సెక్షన్."

"అదీ!" అన్నారు పానకాలరావు గారు. ఆ చట్టాన్ని మొదటిసారి వింటున్నట్టు తలాడించారు. మైకు లాక్కుని, తన జీవితం చదువుతుండగా వచ్చిన ఈ గీతే రాష్ట్రానికి శాశ్వత ప్రమాణమని, ఇక ఏటేటా మార్చే పని లేదని, ఇప్పుడే ముద్ర వేస్తున్నానని ప్రకటించారు. ఆ అధికారం ఆయనకుంది. శాస్త్రవేత్తగా మా ఆయన ధ్రువీకరించాలి. ఆయన నా వైపు చూశారు. కాదనాలంటే ఎందుకు కాదో చెప్పాలి, తలకిందుల పుస్తకం సంగతి కూడా చెప్పాలి. కలం తీసి సంతకం పెట్టారు. పిరికితనం జీవితంలో ఆ ఒక్కసారి మంచి పని చేసింది.

చప్పట్ల మధ్య ఎవరో మనోజ్ఞ తలమీంచి బాండు తీయబోయారు. అది తలెత్తకుండానే వాళ్ళ చెయ్యి తోసేసి, "ఉండండి, ఇంకొక్క పేజీ," అంది.

శాశ్వత ప్రమాణం వచ్చాక ప్రమాణ బాలికతో పని లేదు. దాని పెట్టె ఆటోలో మా ఇంటికే తిరిగొచ్చింది. ఆ నెలలో తనిఖీలకు వెళ్ళిన ఆఫీసర్లు తెల్లమొహాలు వేసుకుని వచ్చారు. సున్నా ఆకాశంలో ఉంటే ఏ పుస్తకం దాన్ని దాటుతుంది? భయపెట్టేవీ, ఏడిపించేవీ, నవ్వించేవీ, అన్నీ సున్నాకు కిందే. అంతా శాంతమే. సంస్థలో తెలివైనవాళ్ళకు మతలబు అర్థమైంది కానీ సరిదిద్దాలంటే అధ్యక్షుల వారి జీవితం ఎవర్నీ కదిలించదని రాసివ్వాలి. ఆ రాసేవాడు ఇంతవరకు పుట్టలేదు. మిల్లులో ముక్కలైపోయినవి ఎలాగూ రావు. మిగిలిన కట్టల్ని నేను రిక్షాలో వేయించుకుని బడికి తెచ్చుకున్నాను. లోవలక్ష్మి నీలం అట్ట పుస్తకం తీసుకుని ఇంటర్వెల్లో మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు సభ నుంచి వస్తుంటే ఆటోలో మనోజ్ఞ చెప్పింది. "అది పడవ చెక్కమ్మా. నల్లగా తేలుతూ వచ్చింది. ఎర్రమ్మ తిప్పి చూసింది. విరిగింది ఎర్రమ్మ వదిలేసిన చోట కాదు. అక్కడ వాళ్ళ నాన్న తనే కూరేసుకున్నాడు, వెళ్ళే ముందు. ఇంకెక్కడో విరిగింది." కాసేపు బయటికి చూసింది. "నాన్న మాత్రం రాలేదు. కానీ దాని తప్పు కాదు."

"కాదు," అన్నాను.

"నాదీ కాదు కదమ్మా?"

"కాదు తల్లీ."

నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ తర్వాత తలెత్తి కోపంగా అడిగింది. "ఇలాంటివి ఇన్నేళ్ళూ నాకెందుకు ఇవ్వలేదు మీరు?" ముందు డ్రైవరు పక్కన కూర్చున్న ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో దీపాలు పెట్టే వేళ మళ్ళీ చదువు టైము మొదలైంది. ఈసారి కట్టుబాటు మనోజ్ఞది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, లోవలక్ష్మి చదివి తిరిగిచ్చిన జాలరి పిల్ల కథ చేతికిచ్చి, ల్యాబు నుంచి తెచ్చిన పాత బాండు ఆయన బట్టతలకు తగిలిస్తుంది. ఆయన నడుము నిటారుగా పెట్టి కూర్చుంటారు. కళ్ళు వరస వెంట కదులుతాయి. కిందికొచ్చాక పేజీ తిప్పుతారు. నిన్న మనోజ్ఞ తెర వైపు చూసి, వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది.

"అమ్మా, నాన్న చదవట్లేదు. కూర్చున్నారంతే."

ఆయన ఏదో చెప్పబోయారు. మధ్యలో మాట్లాడకూడదని మనోజ్ఞ వేలు చూపించి, పుస్తకం తీసి మళ్ళీ మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.